నాన్నగారికి మెడ ఫ్యూజన్ సర్జరీ: ఒప్పుకోవాలా, ఆగాలా?

బెంగళూరు మారతహళ్లిలో ఉంటాం. నాన్నగారికి మెడలో సీ5-సీ6 డిస్క్ (ఐదు, ఆరో వెన్నుపూసల మధ్య ఉండే మెత్త) వెన్నుపామును నొక్కుతోందని ఎంఆర్ఐలో తేలింది. నొప్పి కంటే ఆయన చేతులే నన్ను భయపెడుతున్నాయి. చొక్కా గుండీలు పెట్టుకోలేకపోతున్నారు, నడుస్తుంటే తూలుతున్నారు. నరం ఒక్కటే నలిగితే మందులు, ఫిజియోథెరపీతో చూడొచ్చు గానీ వెన్నుపాము మీద ఒత్తిడి ఉన్నప్పుడు ఆలస్యం చేయొద్దని సర్జన్ అంటున్నారు. గొంతు ముందువైపు నుంచి డిస్క్ తీసేసి, ప్లేటు, స్క్రూలతో రెండు ఎముకలూ కలిపేస్తారట. ఊళ్లో బంధువులేమో మంచాన పడతారని ఒకటే ఫోన్లు! ఇక్కడి మెదడు, నరాల ఆసుపత్రి నిమ్హాన్స్‌లో సెకండ్ ఒపీనియన్ తీసుకోవాలనుకుంటున్నాం.

ఈ సర్జరీ అయినవాళ్లు దయచేసి చెప్పండి. చేతుల్లో పట్టు తిరిగొచ్చిందా? మింగడానికి ఎన్నాళ్లు ఇబ్బంది పడ్డారు? నాన్నగారికి షుగర్ ఉంది, ఎముక సరిగ్గా అతుక్కుంటుందో లేదోనని టెన్షన్. షుగర్ ఉన్నవాళ్లెవరైనా చేయించుకున్నారా?