జర్మనీ అతిథులకు హన్మకొండలో భోజనం ఎక్కడ పెట్టించాలి?

కాజీపేట వాసి: మా ఆఫీసుకు జర్మనీ నుంచి ఇద్దరు వస్తున్నారు. మన తిండి ఎప్పుడూ తినలేదట. పొద్దున రామప్ప, సాయంత్రం వేయిస్తంభాల గుడి. మధ్యాహ్నం ఏసీ రెస్టారెంటా, మెస్సా? టెన్షన్‌గా ఉంది.

ఎనుమాముల రైతు: మెస్సే. జొన్నరొట్టె, నాటుకోడి, పచ్చిపులుసు. వరంగల్ దాకా వచ్చి పనీర్ బటర్ మసాలా తినాలా?

నయీంనగర్: వద్దన్నా. నిరుడు మా కంపెనీ అతిథిని మెస్‌కు తీసుకెళ్లా. నాటుకోడి రెండు ముక్కలు తినగానే కళ్లల్లో నీళ్లు. రాత్రంతా కడుపునొప్పి. మాట పడింది నేను. రుమాలీ రోటీ, దాల్, పెరుగన్నం పెట్టించండి, చాలు.

ఎనుమాముల రైతు: కారం మిర్చిని బట్టి ఉంటుంది. మా చపాట మిర్చి టమాటాలా లావుగా, ఎర్రగా ఉంటుంది, ఘాటు తక్కువ. 2025లో మన ప్రాంతపు ప్రత్యేక పంటగా జీఐ (భౌగోళిక) గుర్తింపు కూడా వచ్చింది. దాంతో వండిస్తే పిల్లలూ తింటారు.

నయీంనగర్: మెస్‌లో ఏ మిర్చి వేశారో ఎవరు చూశారు?

ఎనుమాముల రైతు: ముందే చెప్పి చపాటతోనే వండించుకోవాలి.

సుబేదారి: మిర్చి గొడవ ఆపండి. కడుపు పాడుచేసేది ఎక్కువగా నీళ్లు, ఐసు, ఎప్పుడో కోసిపెట్టిన ఉల్లిగడ్డ, కీరా. గంటల తరబడి గోరువెచ్చగా ఉన్న బఫే కూడా అంతే, ఏసీ ఉన్నా లేకున్నా. పెనం మీది నుంచి దించిన రొట్టె, పొయ్యి మీద ఉడుకుతున్న కూర, సీలు తీయని నీళ్ల బాటిల్ ఉంటే ఎక్కడైనా ఫర్వాలేదు.

మెస్ కొడుకు: మా అమ్మ మెస్ నడుపుతుంది. రోజూ ఆఫీసర్లు వచ్చి "అమ్మా, ఇంకో రొట్టె" అని అడిగి తింటారు. బయటి దేశం వాళ్లొస్తే మాత్రం మా గల్లీ వైపు కూడా చూడరు. ఇది కడుపు భయం కాదన్నా, నామోషీ.

నయీంనగర్: నామోషీయా? మక్క గట్క తిని పెరిగినవాణ్ణి నేను. ఆ మనిషి వద్దనలేక, మొహమాటానికి తిన్నాడు. పక్కన కూర్చుని చూశా. మన తిండి గొప్పదని చూపించుకోవడానికి ఇంకొకరి కడుపు పణంగా పెడతారా? అతిథికి ఏది హాయో అది పెట్టాలి.

మెస్ కొడుకు: ఆ హాయేదో మీరే తేల్చేస్తున్నారు. వాళ్లనెవరైనా అడిగారా?

సుబేదారి: సరైన మాట.

కాజీపేట వాసి: ఇప్పుడే మెసేజ్ పెట్టి అడిగా. ఒకరు మాంసం తినరట. ఇంకొకరికి పల్లీలు అస్సలు పడవట, చిన్న ముక్క తగిలినా గొంతు వాస్తుందట. మనూరి వంట కావాలని మాత్రం ఇద్దరూ అన్నారు.

సుబేదారి: అయితే సర్వపిండి వద్దే వద్దు, అందులో పల్లీలుంటాయి. పచ్చిపులుసులోనూ కొందరు పల్లీపొడి కలుపుతారు. వండే నూనె ఏదో కూడా అడగండి.

కాజీపేట వాసి: తమ్మీ, మీ అమ్మతో ఫోన్లో మాట్లాడించగలవా?

మెస్ కొడుకు: సాయంత్రం ఆరు తర్వాత చేయండన్నా. పల్లీ నూనె వాడం. ఆ పూట పల్లీలు వంటింట్లోకే రానివ్వొద్దని ఇప్పుడే చెప్తా.

నయీంనగర్: రెస్టారెంట్లోనూ వంటమనిషిని పిలిచి అడగొచ్చు. నా మాట నాదే.