గెర్‌ట్రూడ్ బెల్ డైరీలను, ఫొటోలను జతచేసి చదవడం ఎలా?

పెద్దలకు నమస్కారం. 1868లో ఇంగ్లండులో పుట్టి, అరబ్బు ఎడారులలో తిరిగి, బ్రిటిష్ పాలన నాటి బాగ్దాద్‌లో స్థిరపడి, 1926లో అక్కడే కన్నుమూసిన యాత్రికురాలు, బ్రిటిష్ అధికారిణి గెర్‌ట్రూడ్ బెల్ గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. ఆమె డైరీలు, ఉత్తరాలు, వేల సంఖ్యలో ఫొటోలు న్యూకాసిల్ విశ్వవిద్యాలయంలో భద్రంగా ఉన్నాయి. రాజకీయాలలో ఆమె పాత్ర గురించి ఇప్పటికే చాలామంది రాశారు కాబట్టి, నా ఆసక్తి అంతా ఆమె కెమెరా మీదనే ఉంది.

నా చిక్కు 1913-14లో ఆమె అరేబియాలోని హాయిల్‌కు చేసిన ప్రయాణం దగ్గర వచ్చింది. ఆ దారిలో ఆమె రెండు డైరీలు రాశారు: ఒకటి ఏ రోజుకారోజు ముక్తసరిగా రాసుకున్నది, రెండవది తాను ప్రేమించిన బ్రిటిష్ సైనికాధికారి డౌటీ-వైలీ చదవాలని తీరికగా, మనసు విప్పి రాసినది. ఒకే మజిలీ రెండింటిలో రెండు రకాలుగా కనిపిస్తున్నప్పుడు, అక్కడ తీసిన ఫొటో పక్కన ఏ డైరీలోని మాటలను ఉంచడం న్యాయం? మొదటిది తేదీలకు నమ్మదగినదని, రెండవది ఆమె చూపును పట్టి ఇస్తుందని నాకు అనిపిస్తోంది.

పాత ఫొటోలను డైరీలతో సరిపోల్చిన అనుభవం ఉన్నవారు మీ పద్ధతిని దయచేసి వివరించగలరా? ఆ ఫొటోలను వ్యాసంలో ముద్రించడానికి అనుమతి పొందినవారు ఎవరైనా ఉంటే, ఆ విధానం కూడా తెలియజేయవలసిందిగా మనవి.