బెయిల్ ఇచ్చాక కూడా చంచల్‌గూడ జైల్లోనే: ఇద్దరు షూరిటీల షరతు ఉండాలా, పోవాలా?

హిమాయత్‌నగర్ సూపర్‌వైజర్:
మా సైటులో సెంట్రింగ్ పనికి శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు కాపర్ వైరు దొంగతనం కేసులో లోపలికెళ్లాడు. ఇరవై ఏళ్లుంటాయి, ఇదే మొదటి కేసు. తీశాడో లేదో కోర్టు తేలుస్తుంది, నా గొడవ అది కాదు. నాంపల్లి కోర్టు బెయిల్ ఇచ్చి మూడు వారాలైంది. సొంత పూచీకత్తు 10,000, అంతే మొత్తానికి ఇద్దరు షూరిటీలు, అంటే వీడు వాయిదాకు వస్తాడని పూచీ పడేవాళ్లు. వాళ్ల నాన్న ఎకరం పొలం పాస్‌బుక్ పట్టుకుని రైలెక్కి వచ్చాడు. లోకల్ వాళ్లు కావాలని తిప్పి పంపారు. ఇంటి పన్ను రసీదు ఉన్నవాడెవడు కూలివాడికి సంతకం పెడతాడు? కాంట్రాక్టరు ఫోనే ఎత్తడు. బయటికి పంపొచ్చని జడ్జిగారే అన్నాక, షూరిటీ లేదని లోపలే ఉంచడమేంటి? ఆ షరతు ఎత్తేయాలంటాను.

మలక్‌పేట కిరాణా:
ఎత్తేస్తే ఏమైతదో నేను చెప్త. నా బండి ఎత్తుకపోయినోడు దొరికిండు, బెయిల్ మీద వచ్చిండు, మళ్ల కానరాలే. వారెంట్ పట్టుకపోతే ఆ అడ్రసుల అసుంటోడే లేడన్నరట. సమన్లు వచ్చినప్పుడల్ల షాపు బంద్ పెట్టి పోయింది మాత్రం నేను. బండి స్టేషన్ల ఎండకెండి వానకు తడిసి తుప్పు పట్టింది. హక్కులన్నీ ముద్దాయికేనా?

రిటైర్డ్ హెడ్డు:
హెడ్ కానిస్టేబుల్‌గా వారెంట్లు పట్టుకుని ఊళ్లు తిరిగినవాణ్ని కాబట్టి చెబుతున్నా. బెయిల్ మీద వెళ్లి వాయిదాకు రాకపోతే ఏడాది దాకా శిక్ష అని భారతీయ న్యాయ సంహిత 269లో ఉంది. దొరికితే కదా శిక్ష! అదే షూరిటీకి నోటీసు వెళ్లిందనుకోండి, జేబుకు చిల్లు పడుతుందని వాడే వెతికి పట్టుకొస్తాడు. అడ్డా మీద పనిచేసి రేపు బెంగళూరు రైలెక్కేవాడికి ఇంకేం పట్టు ఉంటుంది?

నాంపల్లి నల్లకోటు:
హెడ్డుగారూ, మీరు చెప్పే షూరిటీ ముద్దాయిని ఎరిగున్నవాడు. బావమరిదో, మేస్త్రీయో. ఊరు కాని ఊర్లో పేదవాడికి దొరికేది ఆ రకం కాదు. కోర్టు బయట బేరమాడి, డబ్బు తీసుకుని సంతకం పెట్టే రకం. రెండు వాయిదాలయ్యేసరికి ముద్దాయి మొహం కూడా గుర్తుండదు వాడికి. షూరిటీగా వచ్చేవాడు ఇప్పటికే ఎంతమందికి పూచీ ఉన్నాడో డిక్లరేషన్ ఇవ్వాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్) 486 చెబుతోంది. అయినా దొంగ రసీదులతో షూరిటీ ముఠాలు పట్టుబడ్డ వార్తలు చదువుతూనే ఉన్నాం. షరతు ఎంత బిగిస్తే అద్దె షూరిటీలకు అంత గిరాకీ. వాళ్లకు నోటీసు పంపితే ఎవర్ని పట్టుకొస్తారు?

ఈ పంచాయతీ ఇవాళ్టిది కాదు. 1978లో మోతీరాం అనే మధ్యప్రదేశ్ తాపీమేస్త్రీకి సుప్రీంకోర్టే బెయిల్ ఇస్తే, కింద మేజిస్ట్రేటు 10,000కి షూరిటీ అడిగాడు. సోదరుడు ముందుకొస్తే, ఆస్తి వేరే జిల్లాలో ఉంది పొమ్మన్నాడు. జస్టిస్ కృష్ణయ్యర్ దాన్ని తప్పుబట్టి, 1,000 రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నారు. మీ కుర్రాడి నాన్నకు జరిగింది అచ్చం ఇదే కదా. 2023 జనవరి 31న కూడా సుప్రీంకోర్టు చెప్పింది: బెయిల్ వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంట్ జిల్లా న్యాయసేవా సంస్థకు తెలపాలి. నెలయినా షూరిటీలు పెట్టలేకపోతే షరతు సడలించే విషయం కోర్టే తనంతట తాను చూడొచ్చు. లోకల్ షూరిటీయే కావాలని పట్టుబట్టొద్దనీ అందులోనే ఉంది.

ఇంకో మాట. మామూలు దొంగతనానికి గరిష్ఠ శిక్ష మూడేళ్లు. మొదటి తప్పు అయితే, 1958 నాటి ప్రొబేషన్ చట్టం కింద నేరం రుజువైనా మంచి నడవడి బాండు మీద ఇంటికి పంపొచ్చు. 21 ఏళ్ల లోపువాణ్ని జైలుకు పంపాలంటే ఎందుకు పంపుతున్నారో జడ్జి కారణం రాయాలి. అంటే, రేపు దోషి అని తేలినా బహుశా జైలుకు వెళ్లనివాడు, ఏమీ తేలకుండానే ఇవాళ జైల్లో ఉన్నాడు. ఇది నాకు మింగుడుపడదు.

కిరాణా అన్నా, బండికి ఇంటరిమ్ కస్టడీ పిటిషన్ వేస్తే కేసు నడుస్తుండగానే ఇచ్చేవారు. ఎవరూ చెప్పలేదా?

మలక్‌పేట కిరాణా:
ఎవ్వరు చెప్పలే.

ములాఖత్ లైన్లో అక్క:
మా తమ్ముడి కేసులో షూరిటీలకు బదులు వారానికి రెండుసార్లు స్టేషన్లో సంతకం పెట్టమన్నారు. మంచిదే అనుకున్నాం. పొద్దున పదింటికి రమ్మంటారు, ఎస్సై లేడు ఆగమంటారు, సాయంత్రం నాలుగింటికి రిజిస్టరు ముందుకొస్తుంది. రెండు రోజుల కూలి పాయె. మూడో వారానికి మేస్త్రీ పనిలోంచి తీసేశాడు. షూరిటీ తీసేయమనేవాళ్లు దాని స్థానంలో ఏం పెడతారో కూడా చెప్పండి లాయర్‌గారూ. కూలివాడికి రెండూ దెబ్బే.

నాంపల్లి నల్లకోటు:
నిజమే అక్కా. సంతకం షరతు ఆదివారానికి, లేదా సాయంత్రం వేళకు మార్చమని పిటిషన్ వేయొచ్చు, నేను వేస్తుంటాను కూడా. అన్నిసార్లూ ఒప్పుకోరు.

హిమాయత్‌నగర్ సూపర్‌వైజర్:
సరే, చట్టం బాగానే ఉంది. రేపు పొద్దున నేను చేయాల్సిందేంటి?

నాంపల్లి నల్లకోటు:
మూడు దార్లున్నాయి. షరతు సడలించమని అదే కోర్టులో పిటిషన్. పూచీకత్తు మొత్తం పరిస్థితిని బట్టి ఉండాలి, అతిగా ఉండకూడదని బీఎన్‌ఎస్‌ఎస్ 484 చెబుతోంది. లేదా షూరిటీల బదులు నగదు డిపాజిట్‌కు 490 కింద అనుమతి అడగొచ్చు. అదీ కాకపోతే పేద ఖైదీల కోసం 2023లో కేంద్రం పెట్టిన పథకం ఉంది, విచారణ ఖైదీ పూచీకత్తుకు డబ్బు సాయం చేస్తారు, జిల్లా కమిటీ ఒప్పుకోవాలి. లాయరుకు డబ్బు వద్దు. కస్టడీలో ఉన్నవాడికి ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయసహాయం హక్కు. న్యాయసహాయం హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేయండి.

మలక్‌పేట కిరాణా:
నగదు అంటే జేబుల ఉన్నోడు బయట, లేనోడు లోపల. గదేం న్యాయం? నేను ముద్దాయిల దిక్కు మాట్లాడుతున్ననని కాదు, ఊకే అడుగుతున్న.

రిటైర్డ్ హెడ్డు:
నేను ఒక మెట్టు దిగుతా, అంతకన్నా దిగను. ఇద్దరు వద్దు, ఆస్తి కాగితాలూ వద్దు. కానీ ఫలానావాడు నాకు తెలుసు అని చెప్పే మనిషి ఒక్కడైనా ఉండాలి. తండ్రైనా సరే.

ములాఖత్ లైన్లో అక్క:
తండ్రి వచ్చాడు కదండీ, తిప్పి పంపారు.

రిటైర్డ్ హెడ్డు:
అది తప్పే. ఆ ఊరి స్టేషన్‌కు ఫోన్ చేస్తే కానిస్టేబులొకడు వెళ్లి ఇల్లూ పొలమూ చూసి చెబుతాడు, ఒక్కపూట పని. వేరే జిల్లా అనేది కారణమే కాదు. అలాగని అసలు ఎవరూ అక్కర్లేదంటే మాత్రం నేనొప్పుకోను. కిరాణా తమ్ముడి బండి దొంగకు అలాంటి మనిషి ఒక్కడున్నా అడ్రసు అబద్ధమని మొదటిరోజే తేలేది.