ఇల్లు చూసి ఊరా, ఊరు చూసి ఇల్లా? బ్రిటన్‌లో వారం సెలవు, ఇంట్లో తగువు

పాతపెంకు:
రెండు వారాలుగా మా ఇంట్లో తెగని పంచాయితీ ఇది. మీరైనా తీర్పు చెప్పండి. ఆగస్టులో వారం రోజులు సెలవు దొరికింది. మేమిద్దరం, ఇద్దరు పిల్లలు, ఇండియా నుంచి వచ్చిన మా అత్తగారు, మొత్తం ఐదుగురం. మా ఆవిడ కెంట్‌లో ఒక ఓస్ట్ హౌస్ అద్దెకు ఉందని చూసింది. గుండ్రటి ఇటుక బురుజు, పైన సూది టోపీ లాంటి కప్పు, ఆ కొసన తెల్లటి చెక్క ముక్కు. "ఇలాంటి ఇల్లు దొరికాక ఊరు ఏదైతే ఏంటి?" అంటుంది. నా వాదన వేరు. ముందు స్కాట్లండా, వేల్సా, కార్న్‌వాలా తేల్చుకుందాం, అక్కడ శుభ్రంగా ఉన్న ఏ కాటేజీ దొరికినా చాలు. పగలంతా బయటే తిరుగుతాం, ఇల్లు పడుకోవడానికేగా! ఇంతకీ ఎవరిది కరెక్టు?

తడిగొడుగు:
మీదే కరెక్టు. వింత ఇళ్ల మోజు ఒకసారి తీర్చుకుని లెంపలేసుకున్నవాణ్ణి చెబుతున్నా. షెపర్డ్స్ హట్ అని చక్రాల మీద నిలబెట్టిన చెక్క గది బుక్ చేశాం. ఫొటోలో లాంతరు వెలుగు, గొర్రెలు, సాయంకాలపు ఎండ. వెళ్లాక తెలిసింది, బాత్రూమ్ పొలానికి అవతలి కొసన. మూడు రోజులూ వాన. రాత్రి రెండింటికి పిల్లాడు "నాన్నా, ఒంటికి" అంటే బూట్లు, కోటు, టార్చి, గొడుగు. తిరిగొచ్చేసరికి వాడి నిద్రా పోయింది, నాదీ పోయింది. చుట్టుపక్కల ఏముందో చూసుకోకుండా వెళ్లాం కాబట్టి పగలు కూడా ఆ గదిలోనే ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ కూర్చున్నాం. ఊరు బాగుంటే ఇల్లు బాగోకపోయినా గడిచిపోతుంది సార్.

నాలుగుమైళ్లవేగం:
ఇల్లే కదిలితే ఈ తగువే ఉండదుగా! న్యారోబోట్ తీసుకోండి, కాలువల మీద నడిచే సన్నటి ఇంటి పడవ. వెడల్పు రెండు మీటర్లకు కాస్త ఎక్కువ, అంతే. కాలువ మీద గంటకు నాలుగు మైళ్లు దాటకూడదు. గట్టు మీద నడిచేవాళ్లు మనల్ని దాటి వెళ్తూ చెయ్యూపుతారు. లైసెన్సు అక్కర్లేదు, బయల్దేరే ముందు వాళ్లే నేర్పిస్తారు.

వేల్స్‌లో లాంగోలెన్ కాలువ మీద పాంట్‌కసుల్తే అని 1805 నాటి వంతెన ఉంది. వంతెన మీద రోడ్డు కాదు, కాలువే పారుతుంది. కింద 38 మీటర్ల లోతున డీ నది. ఒక పక్క నడిచే దారి, దానికి కటకటాలు. రెండో పక్క ఇనుప తొట్టి అంచు తప్ప ఏమీ ఉండదు. పడవలోంచి అటు తల తిప్పితే గాల్లో తేలుతున్నట్టే. మా ఆవిడ ఆ 307 మీటర్లూ కళ్లు మూసుకునే ఉంది, నేను ఫొటోలు తీస్తూనే ఉన్నా (చుక్కాని పిల్లాడి చేతికిచ్చి; ఈ సంగతి ఆవిడకు తర్వాత తెలిసింది).

తడిగొడుగు:
కాలువ ఎత్తుపల్లాల దగ్గర పడవను ఎక్కించి దించే లాకులుంటాయిగా, వాటి గేట్లు తోసి తోసి నడుము పడిపోదూ?

నాలుగుమైళ్లవేగం:
లెక్క సులువు. మైళ్లు, లాకులు కలిపి మూడుతో భాగించండి, సుమారుగా అన్ని గంటలు పడుతుంది. ఆ లెక్క చూసుకోకుండా ఇంగ్లండ్‌లో డివైజెస్ అనే ఊరి దగ్గర కేన్ హిల్ వైపు మాత్రం వెళ్లకండి. రెండు మైళ్లలో 29 లాకులు, రోజంతా అక్కడే తెల్లారుతుంది.

చూరుకింద:
పాతపెంకు గారూ, మీ ప్రశ్నలోనే తిరకాసు ఉంది. బ్రిటన్‌లో నిజమైన వింత ఇళ్లను ఎవరూ వింతగా ఉండాలని కట్టలేదు. అక్కడి పని, మట్టి, గాలి కలిసి కట్టించాయి. ఇల్లు సరిగ్గా ఎంచుకుంటే ఊరు దాంతోపాటే వస్తుంది.

మీ ఆవిడ చూసిన ఓస్ట్ హౌస్‌నే తీసుకోండి. అది ఇల్లు కాదు, బీరుకు చేదునిచ్చే హాప్స్‌ను ఆరబెట్టే బట్టీ. కింద నిప్పు, పైన సందులున్న చెక్క అటక, దాని మీద హాప్స్ పరిచేవారు. వేడిగాలి వాటిలోంచి పైకి పోయి ఆ తెల్లటి ముక్కులోంచి బయటపడేది. గాలి ఎటు వీస్తే ముక్కు దానికి వీపు పెట్టి తిరుగుతుంది, వాన లోపల పడకుండా. ఇప్పుడు మీరు మంచం వేసుకునేది ఆ హాప్స్ పరిచిన చోటే. కెంట్ హాప్స్ తోటల సీమ కాబట్టి ఆ బట్టీలు అక్కడ అన్ని ఉన్నాయి. గుండ్రటి గదిలో కాపురం ఎలా ఉంటుందో మన చుట్టిల్లు చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు. బీరువా ఎక్కడ ఆన్చినా వెనక నెలవంక సందు మిగులుతుంది. మేమున్న నాలుగు రోజుల్లో ఆ సందులో ఒక సాక్సు, ఫోన్ ఛార్జరు, మా అమ్మాయి బొమ్మ మాయమయ్యాయి. చీపురు కర్రతో లాగాల్సి వచ్చింది.

స్కాట్లండ్‌లో లూయిస్ దీవిలో గారెనిన్ అనే ఊరుంది. అక్కడివి బ్లాక్‌హౌస్‌లు. రెండు వరుసల రాతి గోడల మధ్య మట్టి కూరారు, మూలలు గుండ్రంగా తిప్పారు, గడ్డి కప్పు ఎగిరిపోకుండా తాళ్లకు రాళ్లు వేలాడదీశారు. వెనకటికి మనుషులు, పశువులు ఒకే కప్పు కింద ఉండేవారు. చివరి కుటుంబాలు 1974లో ఖాళీ చేశాయి. ఇప్పుడు బాగుచేసి అద్దెకిస్తున్నారు. ఆ కప్పు కింద ఒక్క రాత్రి అట్లాంటిక్ గాలి హోరు వింటే ఆ రాళ్లు ఎందుకు వేలాడుతున్నాయో తెలిసొస్తుంది. ఇంగ్లండ్‌లో డెవన్ వైపు ఇళ్లవి గడ్డి కలిపిన మట్టి గోడలు. అలాంటి గోడకు మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని అక్కడివాళ్ల మాట. టోపీ అంటే దిగువకు వాలిన గడ్డి కప్పు, బూట్లు అంటే కింద రాతి పునాది.

నేను ఒక్కటే చూస్తాను. ఈ ఇంటిని లారీలో ఎక్కించి ఇంకో జిల్లాలో దింపితే ఏమైనా తేడా వస్తుందా? రాదంటే అది వట్టి ముస్తాబు. తడిగొడుగు గారి హట్ అలాంటిదే. ఒకప్పుడు గొర్రెలు ఈనే కాలంలో కాపరి మంద పక్కన పడుకోవడానికి చక్రాల మీద గది చేసుకున్నాడు. ఇప్పుడు ఊరూరా ఒకే నమూనా, ఒకే లాంతరు. గొర్రెలు కూడా ఫొటో కోసమే అద్దెకు తెస్తారేమో!

తడిగొడుగు:
గొర్రెలు నిజమైనవే. తెల్లారేదాకా అరిచాయి.

మెట్లలెక్క:
అందరూ గోడల గురించి మాట్లాడుతున్నారు గానీ, అత్తగారి మోకాళ్ల గురించి ఒక్కరూ అడగలేదు. పాతకాలపు బురుజుల్లో చుట్టుమెట్లు, పట్టుకోవడానికి ఒక తాడు. పల్లెటూరి కాటేజీల్లో దూలాలు ఎంత కిందికంటే, మా ఆయన వెళ్లిన మొదటి గంటలోనే రెండుసార్లు తల కొట్టుకున్నారు. స్కాట్లండ్‌లో డన్‌మోర్ దగ్గర అనాసపండు ఆకారంలో ఒక కట్టడం ఉంది, ది పైనాపిల్ అంటారు. తలుపు పైన 1761 అని చెక్కి ఉంటుంది. పాత కట్టడాలను కాపాడడానికి 1965లో పెట్టిన ల్యాండ్‌మార్క్ ట్రస్ట్ వాళ్లు దాన్ని అద్దెకిస్తారు. చూడ్డానికి రెండు కళ్లూ చాలవు. కానీ పడగ్గదులు ఒక పక్క, కూర్చునే గది ఇంకో పక్క. ఇటునుంచి అటు పోవాలంటే ఆరుబయటికి రావాల్సిందే. ఆ ట్రస్ట్ ఇళ్లలో టీవీ, వైఫై కూడా ఉండవు. దిగినవాళ్లు రాసిపెట్టిన పుస్తకాలుంటాయి, అవి చదువుకుంటూ కూర్చోవచ్చు. నాకైతే అదే ఇష్టం. పిల్లలు ఊరుకుంటారో లేదో మీ ఇష్టం.

బుక్ చేసే ముందు ఓనరుకు ఫోన్ చేసి మూడు అడగండి: కింది అంతస్తులో పడగ్గది, బాత్రూమ్ రెండూ ఉన్నాయా, లోపలి మెట్లకు చేపట్టు ఉందా, కారు గుమ్మం దాకా వస్తుందా. కార్న్‌వాల్ జాలరి ఊళ్లలో కారు కొండ పైన వదిలి, సామాను చేత్తో మోసుకుంటూ దిగాలి. ఆ సంగతి ఫొటోలో కనిపించదు.

బడిగంట:
తేదీల సంగతి చూశారా? మంచి ఇళ్లు చాలావరకు శుక్రవారం నుంచి శుక్రవారం, లేదా శనివారం నుంచి శనివారం. రెండు రాత్రులంటే సెలవుల్లో ఒప్పుకోరు. చవగ్గా వస్తుందని బడి రోజుల్లో బుక్ చేస్తే ఇంగ్లండ్‌లో ఒక్కో పిల్లాడికి, తల్లికీ తండ్రికీ విడివిడిగా 80 పౌండ్ల ఫైన్, 21 రోజుల్లో కట్టకపోతే 160. స్కాట్లండ్ బడులు ఆగస్టు మధ్యలోనే తెరుస్తారు, నెలాఖరు వారం అటువైపు కూడా చూడండి. అక్కడి పశ్చిమ తీరం అయితే మిడ్జెస్ అనే కుట్టే పురుగులకు సిద్ధపడండి. కంటికి ఆనవు గానీ దోమలు నయమనిపిస్తాయి.

కొండదిగువ:
నేను యార్క్‌షైర్ తీరంలో ఉద్యోగం చేస్తూ అద్దె ఇంటి కోసం ఏడాది వెతికినవాణ్ణి, కాబట్టి కాస్త కోపంగానే రాస్తాను. మా వీధిలో గుమ్మం పక్కన తాళాల పెట్టె ఉన్నవన్నీ సెలవుల ఇళ్లే. జనవరిలో రాత్రి ఏడింటికి నడిస్తే కిటికీలన్నీ చీకటి. పక్కనే విట్బీలో 2022లో జనాభిప్రాయం అడిగితే, కొత్తగా కట్టే ఇళ్లు అక్కడే ఉండేవాళ్లకే అమ్మాలని ఓటేసినవాళ్లలో 90 శాతానికి పైగా అన్నారు. దానికి చట్టబలం లేదు. అయినా ఆ కడుపుమంట అర్థమవుతుంది.

అందుకే నా ఓటు వింత కట్టడాలకే. పైనాపిల్లో, పాత బట్టీలో, గాలిమరలో ఏ నర్సు కుటుంబమూ కాపురానికి చేరదు. టూరిస్టులు ఉంటేనే వాటి కప్పు బాగుచేసే డబ్బొస్తుంది. "శుభ్రంగా ఉన్న ఏ కాటేజీ అయినా చాలు" అన్నారే, ఆ రెండు గదుల కాటేజీ కోసమే మాలాంటివాళ్లం తిరుగుతున్నది.

బడిగంట:
పూర్తిగా ఒప్పుకోలేను. ఆ కాటేజీలు శుభ్రం చేసేవాళ్లూ, అక్కడి పబ్బూ, బేకరీ బతికేది టూరిస్టుల మీదే కదా.

కొండదిగువ:
శుభ్రం చేసే మనిషి అదే ఊళ్లో ఉండలేక ముప్పై మైళ్ల నుంచి బస్సులో వస్తోంది. అదీ గోల. వేల్స్‌లో ఏడాదికి 182 రోజులు నిజంగా అద్దెకిస్తేనే వ్యాపారంగా లెక్క, లేదంటే కౌన్సిల్ టాక్స్ (ఇంటి పన్ను) కట్టాలి, దాని మీద 300 శాతం దాకా అదనంగా వేసే అధికారం కౌన్సిళ్లకు ఉంది. స్కాట్లండ్‌లో అద్దె ప్రకటనలో లైసెన్సు నంబరు ఉండాలి. కనీసం అదైనా చూసి బుక్ చేయండి.

పాతపెంకు:
అందరికీ థాంక్స్. ఆ ఓస్ట్ హౌస్ ఓనరుకు ఫోన్ చేశాం. పడగ్గదులన్నీ పైనే, మెట్లు నిటారుగా ఉంటాయట, బాత్రూమ్ ఒక్కటే, అదీ కింద. మా ఆవిడ మొహం చిన్నబోయింది. చూరుకింద గారు రాసింది చదివి వినిపించాక నేనూ నా పాత మాట మీద లేను. అక్కడే ఇంకో బట్టీ, కింద ఒక గది ఉన్నది వెతుకుతున్నాం.

ఈలోగా అత్తగారు ఇదంతా పిల్లలతో చదివించుకుని, "నన్నెవరైనా అడిగారా?" అన్నారు. ఆవిడకు పడవ కావాలట. గోదావరి మీద లాంచీ ఎక్కిన మనిషిని, ఈ కాలువ ఒక లెక్కా అంటున్నారు.

నాలుగుమైళ్లవేగం:
అత్తగారికి నా నమస్కారాలు! పడవలోకి దిగడానికి రెండు మూడు మెట్లుంటాయి, నిటారే గానీ పొట్టివి, రెండు పక్కలా పట్టుకోవచ్చు. ఐదుగురికి 60 అడుగులకు తగ్గకుండా చూడండి. అడ్డంగా వేసే మంచం కాకుండా గోడవారగా విడిగా ఉన్న మంచం ఆవిడకు ఇవ్వండి, రాత్రి ఎవరినీ దాటకుండా లేవొచ్చు. లైఫ్ జాకెట్లు అడిగితే ఇస్తారు. ఆగస్టుకు పడవలు ఇప్పటికే అయిపోతుంటాయి, ఈ రాత్రే ఫోన్ చేయండి.