మ్యాక్‌కు, లినక్స్‌కు వైరస్ రాదన్న మాట ఎంతవరకు నిజం?

ద్వారకానగర్ ప్రెస్సు:
మా ప్రింటింగ్ ప్రెస్సులో డిజైన్లకు మ్యాక్‌లు, బిల్లులకు ఉబుంటు అనే లినక్స్ ఉన్న ఒక కంప్యూటర్ వాడుతున్నాం. వాటికి వైరస్ సోకదు కాబట్టి రక్షణకు పైసా పెట్టనక్కరలేదని మా యజమాని అంటారు. శుభలేఖలు అచ్చు వేయించుకునేవారి పెన్‌డ్రైవ్‌లన్నీ నేరుగా వాటికే పెడుతున్నాం. ఆయన మాట నమ్మవచ్చా?

రుషికొండ ఐటీ:
నమ్మవచ్చు. మ్యాక్‌లో 2009 నుంచే తెలిసిన వైరస్‌లను పట్టే ఎక్స్‌ప్రొటెక్ట్ ఉంది. 2012లో గేట్‌కీపర్ వచ్చింది. ఊరూపేరూ లేని ప్రోగ్రాంను అది అడ్డుకుంటుంది. విండోస్ వైరస్ పెన్‌డ్రైవ్‌లో వచ్చినా మ్యాక్‌లో నడవదు. విడిగా యాంటీవైరస్ కొంటే కంప్యూటర్ నెమ్మదించడం తప్ప ఒరిగేదేమీ లేదు.

మద్దిలపాలెం:
విండోస్ వైరస్ నడవదు, నిజమే. మ్యాక్ కోసమే రాసినవాటి సంగతి ఏమిటండీ? 2012లో ఫ్లాష్‌బ్యాక్ అనే వైరస్ ఆరు లక్షలకు పైగా మ్యాక్‌లలో చొరబడింది. అది వాడుకున్న జావా సాఫ్ట్‌వేర్‌లోని లోపాన్ని దాని తయారీదారు ఒరాకిల్ ఫిబ్రవరిలోనే సరిదిద్దినా, మ్యాక్‌లకు ఆ సవరణ ఏప్రిల్‌లో గానీ అందలేదు. ఈలోగా పాడైన వెబ్‌సైటు తెరిస్తే చాలు, పాస్‌వర్డ్ అడగకుండానే లోపలికి వచ్చేసింది. పీసీ వైరస్‌లు మ్యాక్‌కు సోకవంటూ తన సైటులో రాసుకున్న వాక్యాన్ని యాపిల్ అదే ఏడాది తీసేసింది.

ఇక గేట్‌కీపర్. 2016 మార్చిలో ట్రాన్స్‌మిషన్ అనే ప్రోగ్రాం అధికారిక సైటులోనే కెరేంజర్ అనే వైరస్ కలిసిన కాపీ దొరికింది. దానికి తయారీదారు ఫలానా అని చూపే, చెల్లుబాటయ్యే డెవలపర్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి గేట్‌కీపర్ దారి వదిలింది. కెరేంజర్ మూడు రోజులు మౌనంగా ఉండి, ఆ తర్వాత ఫైళ్లకు తాళం వేసి ఒక బిట్‌కాయిన్ అడిగింది.

గాజువాక లినక్స్:
ఉబుంటును ఈ లెక్కలో కలపకండి. రూట్, అంటే సర్వాధికారాలున్న ఖాతా, అనుమతి లేనిదే సిస్టం ఫైళ్లను ఏదీ తాకలేదు. సాఫ్ట్‌వేర్ కూడా ఉబుంటు వాళ్ల సొంత భాండాగారం, రిపాజిటరీ నుంచే వస్తుంది.

మద్దిలపాలెం:
సిస్టం ఫైళ్లు పోతే మళ్లీ ఇన్‌స్టాల్ చేసుకుంటాం. ప్రెస్సుకు ప్రాణం కస్టమర్ల డిజైన్లు, జీఎస్టీ బిల్లులు. అవి మామూలు యూజర్ పేరు మీదే ఉంటాయి, వాటికి తాళం వేయడానికి రూట్ అక్కరలేదు. 2017లో దక్షిణ కొరియాలో నయానా అనే, వెబ్‌సైట్లను తన సర్వర్లలో ఉంచే హోస్టింగ్ సంస్థకు చెందిన 153 లినక్స్ సర్వర్లను ఎరెబస్ అనే వైరస్ ఫైళ్లకు తాళం వేసి బంధించింది. ఆ సంస్థ దాదాపు పది లక్షల డాలర్లు చెల్లించుకుంది. అన్నిటికన్నా నాకు భయం కలిగించేది, డబ్బు మిగులుతుందని దించుకునే సాఫ్ట్‌వేర్ దొంగ కాపీలు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఆ కాపీ పాస్‌వర్డ్ అడుగుతుంది, మనం ఇచ్చేస్తాం. అక్కడ ఏ సిస్టం మాత్రం ఏం కాపాడుతుంది?

రుషికొండ ఐటీ:
దొంగ కాపీల విషయంలో మీతో వాదించను. కానీ కెరేంజర్‌ను మొదటి రోజే ఏ యాంటీవైరస్ పట్టేది? ఆ డబ్బుతో బ్యాకప్ డిస్కు కొనమంటాను.

మద్దిలపాలెం:
కొననివ్వండి, నేనూ అదే ముందు అంటాను. అయితే కాపీ కాగానే ఊడదీసి బీరువాలో పెట్టాలి. మ్యాక్‌లోనే ఉండే టైమ్ మెషీన్ తీసే బ్యాకప్‌లకూ తాళం వేసే ప్రయత్నం కెరేంజర్ కోడ్‌లో కనిపించింది.

ద్వారకానగర్ ప్రెస్సు:
డిస్కు కొనిపిస్తాను. మా పాత ఐమ్యాక్ హై సియెర్రా అనే పాత మ్యాక్ సిస్టం దగ్గరే ఆగిపోయింది, దాన్ని ఏం చేయమంటారు?

గాజువాక లినక్స్:
హై సియెర్రాకు 2020 నవంబరు తర్వాత భద్రతా సవరణలు రాలేదండీ. దాన్ని ఈరోజే ఇంటర్నెట్ నుంచి తప్పించి, పేజీలు కట్టుకోవడానికి మాత్రమే ఉంచుకోండి.