పేటెంట్ల వ్యాపారాన్ని విడగొడితే మదుపరికి లాభమా? క్వాల్‌కామ్ సంగతి తేలుద్దాం

మియాపూర్_మదుపరి
చిప్ కంపెనీ రెండుగా విడిపోతుందన్న పుకారు లేచిన ప్రతిసారీ, ఫోన్ చిప్‌లు అమ్ముతూ పేటెంట్ల మీదా డబ్బు వసూలు చేసే క్వాల్‌కామ్ పేరు వస్తుంది. నా వరకు, 2015లో దాన్ని చిప్‌లకో కంపెనీ, పేటెంట్లకో కంపెనీగా విడగొట్టి ఉండాల్సిందే. ఆ ఆర్థిక సంవత్సరం లెక్క చూడండి. చిప్‌ల అమ్మకాలు దాదాపు 1,715 కోట్ల డాలర్లు, పన్నుకు ముందు లాభం 246 కోట్లు. లైసెన్సింగ్ రాబడి, అంటే పేటెంట్లు వాడుకున్నందుకు వచ్చే డబ్బు, 795 కోట్లే, లాభం మాత్రం 688 కోట్లు! కామధేనువునీ దుక్కిటెద్దునీ ఒకే కాడికి కట్టినట్టుంది. 200 కోట్ల డాలర్లకు పైగా వాటా ఉన్న జానా పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ కూడా ఆ ఏప్రిల్‌లో ఇదే ఆలోచించమంది. కంపెనీ డిసెంబర్‌లో కుదరదని తేల్చేసింది. ఆ ఏడాది షేరు దాదాపు మూడో వంతు పడింది.

డాలస్_బాబాయి
అబ్బాయ్, ఆ పుకారు నమ్మి కొన్నవాళ్లలో నేనూ ఉన్నాను. విడగొట్టట్లేదని తెలియగానే చిరాకేసి 47 డాలర్ల దగ్గర మొత్తం అమ్మేశాను. 2019 ఏప్రిల్ 16న మధ్యాహ్నం ఆఫీసులో ఆలస్యంగా పెరుగన్నం డబ్బా మూత తీస్తుంటే ఫోన్ మోగింది. పేటెంట్ల రాయల్టీ మీద పోట్లాడుకుంటున్న యాపిల్, క్వాల్‌కామ్ కోర్టు బయటే రాజీ పడి లైసెన్స్ ఒప్పందం చేసుకున్నాయట. శాన్ డియేగోలో వాదనలు మొదలైన రోజే! 57 దగ్గరున్న షేరు మార్కెట్ మూసేసరికి 70 దాటింది. నేను స్పినాఫ్ (కంపెనీని విడగొట్టడం) కోసం చూశాను, డబ్బు వచ్చింది లైసెన్స్ ఒప్పందం వల్ల.

చిప్_డిజైనర్
బాబాయి గారు చెప్పిందే అసలు పాయింట్. మదుపరి గారూ, మీ అంకెలు సరైనవే కానీ ఆ 688 కోట్లు పేటెంట్లు ఒక్కటే తెచ్చినవి కావు. పేటెంట్ లైసెన్స్ తీసుకోని ఫోన్ కంపెనీకి క్వాల్‌కామ్ చిప్ అమ్మదు. రాయల్టీ కూడా చిప్ ధర మీద కాదు, ఫోన్ ధర మీద. చైనాలో 2015 ఫిబ్రవరిలో గుత్తాధిపత్యం కేసులో 97.5 కోట్ల డాలర్ల జరిమానా కట్టాక కుదిరిన లెక్క ఇది: ఫోన్ నికర ధరలో 65 శాతం తీసుకుని, దాని మీద 3జీకి 5 శాతం, 4జీకి 3.5 శాతం. చిప్‌ల వ్యాపారం వేరే కంపెనీ చేతికి పోతే, డబ్బు కట్టని వాడి మీద ఒత్తిడి ఎక్కడి నుంచి వస్తుంది? కోర్టు ఒక్కటే దిక్కు. కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది, అప్పటికి ఆ ఫోన్ మోడలే పాతబడుతుంది.

మియాపూర్_మదుపరి
సరిగ్గా ఆ ముడే కదా గొడవలు తెచ్చింది! అమెరికాలో కంపెనీల పోటీ నియమాలు చూసే ఎఫ్‌టీసీ 2017లో కేసు వేసింది దాని మీదే. 2019 మే నెలలో జడ్జి లూసీ కో తీర్పు వ్యతిరేకంగా వచ్చినప్పుడు షేరు ఎలా పడిందో గుర్తుందా? విడిపోయి ఉంటే ఆ టెన్షన్ ఉండేది కాదు. ఎక్స్‌పెరీ అనే టెక్ కంపెనీ 2022 అక్టోబర్‌లో అదే చేసింది. పేటెంట్లు అడియా అనే కంపెనీకి, ఉత్పత్తుల వ్యాపారం కొత్త ఎక్స్‌పెరీకి.

చిప్_డిజైనర్
ఆ తీర్పుని 2020 ఆగస్టులో అప్పీల్ కోర్టు కొట్టేసింది, అది కూడా చెప్పండి. ఎక్స్‌పెరీతో పోలిక నాకు నచ్చలేదు. వాళ్ల ఉత్పత్తి కావాలంటే ముందు పేటెంట్ డబ్బు కట్టాల్సిందే అనే ముడి అక్కడ లేదు. అందుకే తేలిగ్గా విడగొట్టగలిగారు.

మియాపూర్_మదుపరి
ఆ తేడా ఒప్పుకుంటాను. అయినా ఒకే యాపిల్ ఒప్పందం మీద షేరు ఒక్క రోజులో 23 శాతం ఊగడం మామూలు మదుపరికి మంచిది కాదనే నా మాట.

డాలస్_బాబాయి
అది నిజమే నాయనా. 2019 ఒప్పందం ఆరేళ్లది, మరో రెండేళ్లు పొడిగించుకునే వీలుతో. ఆ సంగతి రాజీ ప్రకటనలోనే ఉంది. ఇప్పుడు నేను ఏ చిప్ కంపెనీ షేరు కొన్నా ముందు వెతికేది ఆ గడువు తేదీనే.