సైలెంట్ హంటర్ 3: కాన్వాయ్‌ని కొట్టాక డిస్ట్రాయర్ల నుంచి బయటపడేదెలా?

మద్దిలపాలెం కుర్రోడు:
గ్రూపులో సైలెంట్ హంటర్ 3 ఆడేవాళ్ళు ఉన్నారని తెలిసి అడుగుతున్నా. 2005 నాటి పాత సబ్‌మెరైన్ గేమే గానీ నా ల్యాప్‌టాప్ లాగేది దీన్నొక్కదాన్నే. జర్మన్ల టైప్ 7సీ బోటు, 1941, ఐర్లాండ్‌కి పడమర, మ్యాప్‌లో ఏఎమ్ అనే గడిలో గస్తీ. కాన్వాయ్ (డిస్ట్రాయర్ల కాపలాలో గుంపుగా పోయే శత్రు సరుకు ఓడలు) దొరికేదాకా బానే ఉంటోంది. దొరికాక పెరిస్కోప్ లోతుకి దిగి, దగ్గరికి పోయి, ముందరి నాలుగు టార్పెడో ట్యూబులూ ఒకేసారి వదులుతున్నా. ఒకటి తగిలితే గొప్ప. ఆ తర్వాత డిస్ట్రాయర్లు పట్టుకుంటే వదలట్లేదు. 150 మీటర్లకి దిగినా నెత్తిమీదే తిరుగుతున్నాయి. చివరికి హల్ (బోటు గోడ) పగిలిపోవడం, గస్తీ అక్కడితో సరి. ఆటో టార్గెటింగ్ పెట్టుకోమని మాత్రం చెప్పకండి, అది నాకొద్దు. పక్క గదిలోంచి మా అమ్మ "అర్ధరాత్రి ఆ టింగు టింగు ఏట్రా" అని అరుస్తోంది. ఆస్డిక్ (నీళ్ళలోకి పింగులు పంపి సబ్‌మెరైన్‌ని వెతికే డిస్ట్రాయర్ల పరికరం) చప్పుడు ఇంట్లో అందరికీ తెలిసిపోయింది.

సీతమ్మధార:
మూడు సంగతులు చెప్పు తమ్ముడూ. ఎంత దూరం నుంచి కొడుతున్నావ్? పెరిస్కోప్ ఎంతసేపు పైన ఉంచుతున్నావ్? టార్పెడోలు వదిలాక స్పీడెంత?

మద్దిలపాలెం కుర్రోడు:
దూరం 2800 మీటర్ల దాకా ఉంటుందన్నా, ఇంకా దగ్గరికి పోవాలంటే భయం. ఎలక్ట్రిక్ టార్పెడోలే వాడుతున్నా. పెరిస్కోప్ అసలు దించను, దించితే ఓడ ఎక్కడుందో తెలియట్లేదు. వదలగానే ఫుల్ స్పీడ్, వీలైనంత దూరం పోదామని.

గాజువాక గన్నర్:
ఫుల్ స్పీడా! నీళ్ళలో చప్పుళ్ళు వినే హైడ్రోఫోన్ పెట్టుకుని కూర్చున్నోడికి మైకులో "రండి బాబూ రండి" అని నువ్వే చెప్తున్నావ్ కదరా.

సీతమ్మధార:
నవ్వింది చాలు గానీ, అసలు సంగతి చూద్దాం. తప్పించుకునే దారి టార్పెడో వదలకముందే సిద్ధం చేసుకోవాలి. ఎక్కడ నిలబడి కొట్టావన్న దాన్నిబట్టే సగం తేలిపోతుంది.

7సీ నీటిపైన 17.7 నాట్స్ (నాట్ అంటే గంటకి ఒక నాటికల్ మైలు) పోతుంది, నీటికింద 7.6 మాత్రమే. కాన్వాయ్ 8 నాట్స్‌తో పోతోందనుకో, మునిగి వెంటపడితే బ్యాటరీ అయిపోతుందే తప్ప దాన్ని అందుకోలేవు. అందుకని కనబడగానే మునగొద్దు. పొగ మాత్రమే కనిపించేంత దూరం జరిగి, పైనే ఉండి, కాన్వాయ్‌కి సమాంతరంగా 16 నాట్స్‌తో పో. గంటకి 8 నాటికల్ మైళ్ళు ముందుకొస్తావ్. డీజిల్ తాగుతుంది, నిజమే. 8500 మైళ్ళ రేంజ్ అనేది 10 నాట్స్ లెక్క మీద, కాబట్టి ఈ పరుగు కాన్వాయ్ దొరికినప్పుడే. మిగతా గస్తీ అంతా నింపాదిగా తిరుగు.

పక్కనే పోతూ దాని కోర్సూ స్పీడూ తేల్చుకో. మ్యాప్ మీద ఒక గుర్తు పెట్టు, స్టాప్‌వాచ్ నొక్కు, 3 నిమిషాల 15 సెకన్లకి రెండో గుర్తు పెట్టు. ఆ రెంటి మధ్య దూరం 800 మీటర్లుంటే స్పీడు 8 నాట్స్, 950 ఉంటే తొమ్మిదిన్నర. వందల మీటర్లు ఎన్నో నాట్స్ అన్ని. ఒక్కసారికే నమ్మేయకు, కాసేపాగి మళ్ళీ కొలువు. కాన్వాయ్ మధ్యలో జిగ్‌జాగ్ తిప్పిందంటే మొదటి లెక్క పనికిరాదు.

ముందుకి వచ్చాక దాని దారికి అడ్డంగా మునిగి, ఇంజిన్ దాదాపు ఆపేసి కూర్చో. అదే నీ దగ్గరికి వస్తుంది. ముందుండే ఎస్కార్ట్‌ని, అంటే కాపలా ఓడని, దాటిపోనివ్వు. అది వస్తున్నంతసేపూ నీ ముక్కు దానివైపే ఉండాలి, పక్క చూపించావంటే ఆస్డిక్‌కి పెద్దగా తగులుతావ్. పెరిస్కోప్ నాలుగైదు సెకన్లు ఎత్తడం, చూడటం, దించడం. మధ్యలో ఓడ ఎక్కడుందో హైడ్రోఫోన్ చెప్తుంది.

మద్దిలపాలెం కుర్రోడు:
దగ్గరికి రానిస్తే కనిపెట్టేయరా? 2800 అయితే కాస్త సేఫ్ కదా అనుకున్నా.

సీతమ్మధార:
లెక్క చూడు. ఎలక్ట్రిక్ టార్పెడో 30 నాట్స్, అంటే సెకనుకి 15 మీటర్ల పైచిలుకు. 2800 మీటర్లు పోవడానికి మూడు నిమిషాలు పడుతుంది. ఓడ స్పీడు నువ్వు ఒక్క నాట్ తప్పుగా అనుకున్నా ఆ మూడు నిమిషాల్లో 90 మీటర్ల తేడా వచ్చేస్తుంది. 134 మీటర్ల ఓడకి నడిమధ్యన గురిపెడితే అటూ ఇటూ నీకున్నది 67 మీటర్లే, అంటే పక్కనుంచి పోయినట్టే. అదే 900 మీటర్ల నుంచయితే నిమిషంలోపే, తేడా 30 మీటర్లు. అదే పొరపాటుతోనే తగులుతుంది. అందుకే దగ్గర. 300 మీటర్ల కంటే దగ్గరికి మాత్రం రానీకు, టార్పెడో ఆర్మ్ అవడానికి, అంటే పేలేందుకు సిద్ధం కావడానికి, కొంత దూరం కావాలి.

ఆవిరి టార్పెడో జీ7ఏ 44 నాట్స్ పోతుంది గానీ వెనక బుడగల గీత వదులుతుంది. పగలు దాన్ని చూసి ఓడ పక్కకి తిప్పేస్తాడు. దాన్ని రాత్రికి ఉంచుకో.

లాసన్స్‌బే:
గురి సంగతి నేను చెప్తా, ఆటో వద్దన్నాడు కాబట్టి. అందరూ రేంజ్ (ఓడ ఎంత దూరంలో ఉందో) కొలవడం దగ్గరే తలబద్దలు కొట్టుకుంటారు. 90 డిగ్రీల పద్ధతిలో రేంజ్‌తో పనే లేదు.

కాన్వాయ్ కోర్సుకి నీ బోటు ముక్కు సరిగ్గా లంబంగా పెట్టు. ఉదాహరణకి అది తూర్పుకి పోతుంటే నువ్వు దక్షిణాన ఉండి ఉత్తరం చూస్తున్నావ్. పెరిస్కోప్ సరిగ్గా 0 దగ్గర ఉంచి టీడీసీని (టార్పెడో గురి లెక్కగట్టే యంత్రాన్ని) మాన్యువల్‌లో పెట్టి మూడు అంకెలివ్వు: స్పీడు నువ్వు కొలిచింది, ఏఓబీ కుడి 90, రేంజ్ సుమారుగా ఏదో ఒకటి. ఏఓబీ అంటే వాడి ఓడ ముక్కు నుంచి చూస్తే నువ్వెన్ని డిగ్రీల పక్కన ఉన్నావో అది. తర్వాత మాన్యువల్ ఆపేసి పెరిస్కోప్‌ని ఎడమకి, ఓడ వచ్చే వైపుకి, నెమ్మదిగా తిప్పు. జైరో కోణం (వదిలాక టార్పెడో పక్కకి తిరిగే కోణం) 0 చూపించిన చోట ఆపు, ఇక కదపకు. ఓడ 8 నాట్స్, టార్పెడో 30 నాట్స్ అయితే అది 345 దగ్గర పడుతుంది, అంటే 15 డిగ్రీల ముందు. 6 నాట్స్ అయితే 11, 10 నాట్స్ అయితే 18. అక్కడ నిలువు గీత మీదికి ఓడ రానీ. చిమ్నీ తగలగానే వదులు. వెనకాల లైన్లో వచ్చే రెండో ఓడ కూడా అదే గీత మీదికి వస్తుంది, మళ్ళీ వదులు. టార్పెడో తిన్నగా పోతుంది, ఓడ పక్కకి నిటారుగా తగులుతుంది, పేల్చే పిన్ను జారిపోయి పేలకపోవడం కూడా తగ్గుతుంది.

ట్యూబు తలుపులు ముందే తెరిచి ఉంచు. మూసి ఉండగా నొక్కితే తెరుచుకునేలోపు ఓడ గీత దాటిపోతుంది. చాలామందికి కారణం తెలియకుండా మిస్సయ్యేది ఇక్కడే.

స్పీడు పెరిస్కోప్‌లోంచి కూడా కొలవొచ్చు. నీ బోటు ఆపి, గీత కదపకుండా, ఓడ ముక్కు తగిలిన దగ్గర్నుంచి తోక దాటేదాకా సెకన్లు లెక్కపెట్టు. గేమ్‌లో ఓడల్ని గుర్తుపట్టే పుస్తకంలో ఉన్న పొడవుని 1.94తో గుణించి సెకన్లతో భాగించు. 134 మీటర్ల ఓడ 26 సెకన్లు తీసుకుంటే 10 నాట్స్.

గాజువాక గన్నర్:
ఇంత లెక్కెందుకు గురూ. రాత్రి పూట నీటిపైనే దూరిపో. జర్మన్ కెప్టెన్ క్రెచ్‌మర్ తన సబ్‌మెరైన్ యూ-99తో అదే చేసేవాడు, వరసల మధ్యలోకి పోయి ఒక ఓడకి ఒక టార్పెడో. పైన ఉన్నోడిని ఆస్డిక్ పట్టుకోలేదు, చీకట్లో బోటు మీదుండే కానింగ్ టవర్ తప్ప ఏం కనిపించదు.

సీతమ్మధార:
ఆ క్రెచ్‌మరే 1941 మార్చిలో దొరికిపోయాడుగా. అదే ఏడు నుంచి ఎస్కార్ట్‌ల మీదికి 10 సెంటీమీటర్ల రాడార్ రావడం మొదలైంది. 1940లో ఆడేవాళ్ళకి నీ సలహా బంగారం, ఒప్పుకుంటా. కుర్రోడున్నది 1941లో, ఇక రోజురోజుకీ కష్టమే.

పెదవాల్తేరు:
నేను డాక్‌యార్డ్‌లో పనిచేసి రిటైరైనవాణ్ణి, గేమ్ మా మనవడు నేర్పాడు. కొట్టాక ఏం చెయ్యాలో నాకు తోచింది చెప్తాను బాబూ.

ఆస్డిక్ కిరణం డిస్ట్రాయర్ ముందుకి, కొంచెం వాలుగా పోతుంది. సరిగ్గా కిందికి చూడలేదు. నువ్వు ఎంత లోతుగా ఉంటే అది అంత దూరంలోనే నిన్ను పోగొట్టుకుంటుంది. డెప్త్ ఛార్జీలేమో (నీళ్ళలో లోతున పేలే బాంబులు) వెనక నుంచి పడతాయి. అంటే నీ మీదకొచ్చి బాంబులు వదిలే ముందర కొంతసేపు వాడు గుడ్డివాడే. బాంబు సెకనుకి సుమారు 3 మీటర్లు దిగుతుంది. 150 మీటర్ల లోతు చేరాలంటే 50 సెకన్లు. ఆ సమయమంతా నీదే.

ఇప్పుడు క్రమం. మామూలుగా సైలెంట్ రన్నింగ్ (చప్పుడు లేకుండా పోవడం), 2 నాట్స్, రిపేర్లూ రీలోడింగూ ఏవీ వద్దు. హైడ్రోఫోన్ దగ్గర నువ్వే కూర్చో. డిస్ట్రాయర్ ఫ్యాన్ (ప్రొపెల్లర్) చప్పుడు నిదానంగా ఉంటే వాడు వింటున్నాడు, వెతుకుతున్నాడు. చప్పుడు గబగబా పెరిగి పింగులు దగ్గరదగ్గరగా పడితే మీదకొస్తున్నాడు. ఆ స్పీడులో సొంత ఇంజిన్ హోరుకి వాడికీ ఏమీ వినబడదు. నెత్తిమీదికి వచ్చేదాకా ఓపికపట్టి, అప్పుడు ఫుల్ స్పీడ్, చుక్కాని పూర్తిగా ఒక పక్కకి, ఇంకో 20 మీటర్ల కిందికి. బాంబులు పేలుతున్నంతసేపూ ఆ స్పీడు ఉండనీ. ఆఖరిది పేలగానే మళ్ళీ 2 నాట్స్‌కి వచ్చెయ్. పేలుళ్ళకి కలిగిన నీళ్ళు సర్దుకునేదాకా వాడికి నువ్వు తెలియవు. మళ్ళీ వెతకడం మొదలుపెట్టేసరికి నీ తోక వాడివైపు ఉండేలా చూసుకో.

నువ్వు చేస్తున్నది దీనికి తిరగేసి ఉంది. వాడు వింటున్నప్పుడు పరిగెడుతున్నావ్, మీదకొచ్చేసరికి తిన్నగా పోతున్నావ్.

ఇంకోటి. కొట్టాక కాన్వాయ్‌కి దూరంగా పారిపోకు, దాని కిందికే దూరు. డజన్లకొద్దీ సరుకు ఓడల ఫ్యాన్ల హోరులో నిన్ను విడదీసి వినడం కష్టం. వాటి మధ్యలోకి వచ్చి బాంబులు వేయడానికి ఎస్కార్ట్ కూడా ఆలోచిస్తాడు. అవి దాటిపోయేసరికి నువ్వు వెనక తేలతావ్.

1942 నుంచి డిస్ట్రాయర్ల మీదికి హెడ్జ్‌హాగ్ అనే ఆయుధం వస్తుంది. 24 చిన్న బాంబులు ఓడ ముందుకే విసురుతుంది, తగిలితేనే పేలతాయి. వాడు నిన్ను పోగొట్టుకునే గుడ్డి సమయం అందులో ఉండదు. అప్పుడీ పద్ధతి సగమే పనిచేస్తుంది.

మద్దిలపాలెం కుర్రోడు:
మాస్టారూ, మీరు చెప్పిన తిరగేసిన ముక్క చదివి పడీపడీ నవ్వా. లోతు ఎంతవరకూ దిగొచ్చు?

పెదవాల్తేరు:
హల్ బాగుంటే 200 దాకా దిగొచ్చు. దెబ్బతిన్నాక ఆ అంకె మర్చిపో, 150 దగ్గరే కిర్రుమని మొదలుపెడుతుంది. మ్యాప్‌లో లేత నీలం ఉన్నచోట అసలు దాడి పెట్టుకోకు, దిగడానికి నీళ్ళే ఉండవు.

వీలున్నప్పుడు విశాఖ ఆర్కే బీచ్‌లో కురుసురా సబ్‌మెరైన్ మ్యూజియం ఎక్కు. అది నీ 7సీ కాదు, 91 మీటర్ల రష్యన్ ఫాక్స్‌ట్రాట్, ముందు ఆరు ట్యూబులు, వెనక నాలుగు. అయినా ఒక గదిలోంచి ఇంకో గదిలోకి ఆ గుండ్రటి ద్వారంలోంచి వంగి కాలు పెట్టి చూడు. టార్పెడోల పక్కనే బంకులుంటాయి. గేమ్‌లో రీలోడింగ్‌కి ఎందుకంత సేపు పడుతుందో అక్కడ తెలుస్తుంది. లోపల చూపించేవాళ్ళలో నేవీలో చేసినవాళ్ళుంటారు, అడిగితే విసుక్కోకుండా చెప్తారు.

కంచరపాలెం:
మధ్యలో అడుగుతున్నా, 1971లో మన విశాఖ దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీ మిషన్ ఏ గేమ్‌లోనైనా ఉందా?

లాసన్స్‌బే:
ఈ సిరీస్ రెండో ప్రపంచయుద్ధంతో ఆగిపోతుంది, 1971 దాకా రాదు. ఘాజీ అసలు అమెరికావాళ్ళ డయాబ్లో, టెంచ్ తరగతి. సైలెంట్ హంటర్ 4లో బాలావ్ తరగతి తీసుకుంటే దానికి దగ్గరగా ఉంటుంది. దాని యూ-బోట్ మిషన్స్ విస్తరణలో జర్మన్ బోట్లతో హిందూ మహాసముద్రంలో తిరగొచ్చు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానవాహక నౌక ర్యూజో విమానాలు విశాఖ మీద బాంబులేసిన సముద్రం కదా, మనవాళ్ళకి ఆ మ్యాప్ చూస్తే అదో సరదా. మిగతాది వేరే చర్చ పెట్టండి, ఇక్కడ కుర్రోడి పని కానిద్దాం.

మద్దిలపాలెం కుర్రోడు:
రాత్రి ఆడా. ముందుకెళ్ళి అడ్డంగా కూర్చోవడానికే చాలాసేపు పట్టింది, నిద్రొచ్చేసింది కూడా. కానీ 900 లోపు రెండు సరుకు ఓడలు, ఒక్కో టార్పెడోకే! కిందికి దూరి 160 దగ్గర పాకుతూ బయటపడ్డా. బాంబులు పడ్డాయి గానీ అన్నీ వెనకే. ఇప్పుడు సమస్య ఏంటంటే బ్యాటరీ పాతిక శాతానికి వచ్చింది, తెల్లారబోతోంది. తేలాలా, ఆగాలా? బయట డెక్ కింద రెండు టార్పెడోలున్నాయి, అవి లోపలికి రావట్లేదు.

సీతమ్మధార:
హైడ్రోఫోన్ చుట్టూ ఒక పూర్తి రౌండు తిప్పు. ఏమీ వినబడకపోతే ఇప్పుడే తేలు, చీకటి ఉండగానే. 4 నాట్స్‌తో నిండు బ్యాటరీయే 80 మైళ్ళు వస్తుంది, పాతిక శాతంతో పగలంతా కింద ఉండి మళ్ళీ ఎస్కార్ట్ ఎదురైతే నీ దగ్గర ఆ ఫుల్ స్పీడ్ అన్నది ఉండదు. పైకొచ్చాక కాన్వాయ్‌కి ఎదురు దిక్కున పోతూ ఛార్జి చేసుకో, పైన కాపలా (వాచ్) మీద మంచివాళ్ళని నిలబెట్టు. విమానం కనబడితే ఆలోచించకుండా మునుగు.

లాసన్స్‌బే:
బయటి టార్పెడోలు నీటిపైన ఉన్నప్పుడే, అదీ సముద్రం నెమ్మదిగా ఉంటేనే వస్తాయి. వాతావరణ రిపోర్ట్ అడుగు. గాలి తగ్గకపోతే ఇంకో రోజు దక్షిణంగా జరిగి చూడు. లోపల ఖాళీ ర్యాకు ఉండాలని మర్చిపోకు, ముందు ట్యూబులు నింపుకుని తర్వాత వాటిని లాగు. మొదలెట్టాక చాలాసేపు పడుతుంది కాబట్టి విమానాల రేంజ్‌కి బయట, నడిసముద్రంలో పెట్టుకో.